నీలం తలుపు మీద నోటీసు

ఆ ఉదయం డిటెక్టివ్ ఆఫీసుకి వచ్చిన ఆవిడ కుర్చీ అంచున కూర్చుని, ఆ కుర్చీని కూడా ఎవరైనా జప్తు చేస్తారేమో అన్నట్టు దాని చేతుల్ని గట్టిగా పట్టుకుంది. నడివయసు మనిషి. భుజం దగ్గర దారం ఎక్కించిన సూది ఒకటి బట్టకి గుచ్చి ఉంది, తియ్యడం మరిచిపోయి వచ్చేసింది. దాన్ని బట్టి ఈవిడ దర్జీ అని అసిస్టెంటు కనిపెట్టేసి, తన తెలివికి తనే మురిసిపోయి డిటెక్టివ్ వైపు చూశాడు. డిటెక్టివ్ అతన్ని పట్టించుకోలేదు.

ఆ డిటెక్టివ్‌ని వీధిలో అందరూ చాటుగా పుల్లవిరుపు మేడమ్ అంటారు. ఎదురుగా అనే ధైర్యం ఇంతవరకూ ఎవరికీ కలగలేదు. పూర్వం ఆమె ఒక బీమా కంపెనీలో, తమ దుకాణాల్ని తామే తగలబెట్టుకుని నష్టపరిహారం అడిగే పెద్దమనుషుల్ని పట్టుకునే పని చేసేది. అక్కడ నేర్చుకున్న విద్య ఒకటే: మోసగాడికి తెలివి ఉండకపోయినా ఫరవాలేదు, చుట్టూ బద్ధకస్తులుంటే చాలు. అసిస్టెంటు అప్పట్లో అక్కడే టైపిస్టు. ఆమె ఉద్యోగం మానేస్తే తనూ మానేసి వెంట వచ్చేశాడు. ఆమె తుమ్మినా అందులో ఏదో ఆంతర్యం ఉందని అతని నమ్మకం.

“ఎల్లుండి నా ఇల్లు వేలం వేస్తారట, మేడమ్,” అంది దర్జీ ఆవిడ. “నా తలుపుకి నోటీసే అంటించలేదు. అంటించామంటున్నారు.”

ఆవిడ కథ పెద్దదేమీ కాదు. భర్త జబ్బుకి ఇల్లు తాకట్టు పెట్టి బ్యాంకులో అప్పు తెచ్చారు. భర్త పోయాడు, అప్పు మిగిలింది. వాయిదాలు తప్పాయి. దిక్కుతోచక ధర్మప్లీడరు దగ్గరికి వెళ్ళింది. ఇళ్ళు పోగొట్టుకునే స్థితిలో ఉన్నవాళ్ళ తరఫున పైసా ఫీజు లేకుండా వాదిస్తాడని ఊరంతా ఆయనకి ఆ పేరు పెట్టింది. ఆయన ఈవిడని చెల్లెమ్మా అని పిలిచి, ధైర్యం చెప్పాడు. బ్యాంకు ఇల్లు అమ్మాలంటే ముందు తలుపుకి నోటీసు అంటించి తీరాలి. అంటించాక ఇంటివాళ్ళకి కొంత గడువు ఉంటుంది. ఆలోగా కోర్టులో అభ్యంతరం చెబితే అమ్మకం ఆగిపోతుంది, చిన్న చిన్న వాయిదాల్లో కట్టుకోవచ్చు.

“తలుపుకి నోటీసు పడేదాకా నిశ్చింతగా పడుకో చెల్లెమ్మా, పడిన రోజు పరుగెత్తుకు రా, మిగతాది నేను చూసుకుంటా అన్నారు. రోజూ పొద్దున్నే లేచి ముందు తలుపు చూసుకున్నాను. ఒక్క కాగితం ముక్క కనబడలేదు. ఇప్పుడేమో వేసవిలోనే అంటించాం, గడువు అయిపోయిందంటున్నారు. అన్నయ్యగారు కూడా ఇక తన చేతుల్లో ఏమీ లేదన్నారు.”

“ఆ అన్నయ్యగారు మీ ఇల్లు ఎప్పుడైనా చూశారా?”

“అయ్యో, స్వయంగా వచ్చి చూశారు. కోర్టులో చెప్పడానికి ఇల్లు కళ్ళారా చూడాలన్నారు. అంత పెద్దమనిషి మా గడప తొక్కారు, టీ కూడా తాగారు.”

“ఫీజు?”

“చేత్తో తాకరు. నా తృప్తి కోసం ఎప్పుడైనా ఆయన బట్టలు కుట్టిపెడతాను. అంతే.”

డిటెక్టివ్ పెదవి ఓ మూల కొద్దిగా వంకరపోయింది. అది చిరునవ్వు కాదని అసిస్టెంటుకి అనుభవం మీద తెలుసు.

బ్యాంకులో రికవరీ ఆఫీసరు వాళ్ళని చాలాసేపు నిలబెట్టి, ఆ తర్వాత కూర్చోమన్నాడు. నిలబెట్టడంలో పెద్దరికం ఉందని నమ్మే రకం. ఆయన బల్ల మీద కాగితాలు కొలిచి పేర్చినట్టున్నాయి. వాటి వెనక ఉన్న మనుషుల మాటెత్తితే మాత్రం ఆయన ముఖం తలుపేసుకుంటుంది. రుజువు లేకుండా తాము ఏదీ చెయ్యమన్నాడు. ఫైల్లోంచి ఒక ఫోటో తీసి చూపించాడు.

ఫోటోలో నీలం తలుపు. మధ్యలో నోటీసు, అక్షరాలు చదవడానికి వీలుగా దగ్గరగా తీశారు. కాగితం నాలుగు మూలలా టేపు మెరుస్తోంది. నోటీసు పైన ఇనుప గడియ. ఎడమ అంచున నిలువుగా ఒక నల్లటి పట్టీ, దాని మీద ఏటవాలుగా సన్నటి తెల్ల గీత.

“ఇదేమిటి?” అంది డిటెక్టివ్ ఆ పట్టీ మీద వేలు పెట్టి.

“ఫోటో తీసినవాడి వేలు అడ్డొచ్చి ఉంటుంది. నోటీసు కనబడుతోందా లేదా, అదీ మాకు కావలసింది.”

ఫోటో తెచ్చిచ్చిన బంట్రోతుని పిలిపించారు. నోటీసులు అంటించడమే అతని ఉద్యోగం. ఒళ్ళు చూస్తే మాత్రం ఆ ఉద్యోగంలో నడక ఉంటుందని ఎవరూ అనుకోరు. తన పనితనం గురించి అడగ్గానే ఉప్పొంగిపోయాడు. జిగురు తనే కాస్తాడట, బకెట్టు, కుంచె తనవేనట. తను అంటించిన నోటీసు గోకినా రాదట, తలుపు రంగు ఊడాలి గాని కాగితం ఊడదట.

“దర్జీ ఆవిడ తలుపు ఏ రంగు?”

“నీలం మేడమ్.”

“ఆ ఇంటికి ఎదురుగా ఏముంది?”

బంట్రోతు ఆఫీసరు వైపు చూశాడు. ఆఫీసరు కిటికీ వైపు చూశాడు. ఎదురుగా... ఇళ్ళే ఉంటాయి కదా మేడమ్ అన్నాడు బంట్రోతు. డిటెక్టివ్ ఫోటో నకలు తీసుకుని, థాంక్స్ కూడా చెప్పకుండా లేచింది.

దర్జీ ఇంటికి ఎదురుగా ఇళ్ళు లేవు. సైకిళ్ళు బాగుచేసే షెడ్డు ఉంది. అక్కడ పొద్దుట్నుంచి చీకటిపడేదాకా నలుగురైదుగురు కూర్చుని, పంక్చర్ల కన్నా ఎదుటివాళ్ళ సంగతులు ఎక్కువ చూస్తుంటారు. వేసవిలో ఈ తలుపుకి ఎవరైనా కాగితం అంటించారా అంటే వాళ్ళు నవ్వారు. ఆ ఇంటిమీద కాకి వాలినా తమకి తెలుస్తుందన్నారు. వేసవంతా దర్జీ ఆవిడ బడి పిల్లల యూనిఫారాలు కుడుతూ గుమ్మం పక్కనే ఉందనీ, మధ్యలో రోడ్డు తవ్వి దుమ్ము లేపినప్పుడు కూడా తలుపు తీసే ఉంచేదనీ, వెలుతురు లేకపోతే ఆవిడకి సూది కనబడదనీ చెప్పారు.

డిటెక్టివ్ తలుపు బయటివైపు అరచేత్తో తడిమింది. నున్నగా ఉంది. జిగురు మరక గాని, రంగు లేచిన చోటు గాని లేదు. ఛాతీ ఎత్తులో తాళం వేసే గొళ్ళెం. లోపలికి వెళ్ళి తలుపు మూసి, కాసేపు దాని ముందే నిలబడి, మళ్ళీ తెరిచింది. కీళ్ళు పరీక్షిస్తోందని అసిస్టెంటు తన మనసులో రాసుకున్నాడు.

ముందుగదిలో కుట్టుమిషను, ఇస్త్రీ బల్ల, గుడ్డముక్కల మూట. తలుపు లోపలివైపు పైభాగంలో ఒక మేకు, దానికి సగం కుట్టిన గౌను వేలాడుతోంది. కుట్టాల్సింది ఏదొచ్చినా ముందు ఆ మేకుకే తగిలిస్తానంది దర్జీ ఆవిడ. తలుపు తీసి ఉంటే గోడవైపు పోతుంది, మాసిపోదు. గిరాకీలెవరూ లోపలికి రారట, గుమ్మంలోనే ఇచ్చి గుమ్మంలోనే తీసుకుపోతారట. లోపలికి వచ్చేది వెనకగదిలో ఉండే మరిది. ఈ ఏడాదిలో పైవాళ్ళెవరైనా వచ్చారంటే ప్లీడరు అన్నయ్యగారొక్కరే.

మరిది లారీ డ్రైవరు. అతని వాలకం చూడగానే అసిస్టెంటుకి కేసు తేలిపోయింది. అడిగిందానికి సరిగ్గా జవాబు చెప్పడు, నేల చూపులు చూస్తాడు.

“ఈ ఇల్లు అమ్మేద్దామని వదినతో గొడవపడ్డారట?” అంది డిటెక్టివ్.

“పడ్డాను. ఆ బ్యాంకువాళ్ళకి పోసే బదులు మనమే అమ్ముకుంటే నాలుగు మెతుకులు మిగులుతాయన్నాను. తప్పా?”

“ప్లీడరుగారు వచ్చిన రోజు ఇంట్లో ఉన్నారా?”

“లోడు మీద వెళ్ళాను. వారం దాకా తిరిగి రాలేదు. వచ్చాక ఆయన కోటు ఇస్త్రీ చేస్తూ కనబడింది వదిన. మా అన్న పోయాక నా చొక్కా గుండీ కుట్టడానికి తీరిక లేదుగాని, ఊళ్ళోవాళ్ళ కోట్లకి ఉంది.”

బయటికి వచ్చాక అసిస్టెంటు ఆగలేకపోయాడు. నోటీసు అంటించగానే మరిది పీకేసి ఉంటాడని, ఇంట్లోవాడే గనక ఎవరూ గమనించలేదని ఉత్సాహంగా చెప్పాడు.

“ఒకడు అంటించడం చూడని షెడ్డువాళ్ళు, ఇంకొకడు పీకడమూ చూడలేదా? బాబూ, నువ్వు మనిషి ముఖం చూసి దొంగని పట్టేట్టయితే నాకు నీతో పనేముంది, ఓ అద్దం కొనుక్కుంటాను.”

అసిస్టెంటుకి ఆ మాట అర్థం కాలేదు. కాని చాలా గొప్పగా అనిపించింది.

ధర్మప్లీడరు ఆఫీసు చూడటానికి రెండు కళ్ళు చాలవు. గోడల నిండా సన్మాన పత్రాలు. టేకు బీరువాలు. కొత్తగా వేసిన తెల్లటి రంగు. బల్ల వెనక పెద్ద ఫోటోలో ఆయన, భార్య, భార్య పక్కన ఆవిడ తమ్ముడు. అక్కాతమ్ముళ్ళిద్దరికీ కనుబొమలు మధ్యలో కలిసిపోయి ఒకే గీతలా ఉన్నాయి. వెన్న రాసినట్టున్న గొంతుతో ప్లీడరు వాళ్ళని ఆహ్వానించి, పేదల కన్నీళ్ళ గురించి చాలాసేపు మాట్లాడాడు. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు వణకాలో ఆయనకి బాగా తెలుసు. మధ్యలో ఫ్యాను గాలికి కాస్త దుమ్ము రేగితే జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని, తనకి చిన్నప్పట్నుంచీ దుమ్ము పడదని చెప్పుకున్నాడు.

“బీరువాలు బాగున్నాయి,” అంది డిటెక్టివ్.

“ఒక వడ్రంగి చేసిచ్చాడు. నా క్లయింటే. వద్దంటే వినడే. ఈ రంగు వేసింది కూడా క్లయింటే. ఈ బూట్లు కుట్టినవాడూ అంతే. వాళ్ళ ప్రేమ అది.”

“వడ్రంగి ఇల్లు దక్కిందా?”

“పాపం, గడువు దాటాక వచ్చాడు.”

“రంగులు వేసేవాడిది?”

“అదీ అంతే.”

“బూట్లు కుట్టినవాడిది?”

ప్లీడరు నిట్టూర్చి, చేతులు పైకి చూపించాడు. ప్రయత్నం వరకే మనది అన్నాడు. దర్జీ చెల్లెమ్మ విషయం తన గుండెని కోసేస్తోందనీ, కాని చట్టం ముందు కన్నీళ్ళకి విలువ లేదనీ అన్నాడు. బల్ల పక్కన కుర్చీకి ఆయన నల్లకోటు వేలాడుతోంది. డిటెక్టివ్ వెళ్ళేముందు దాని చేతి అంచుని ఇటు తిప్పి అటు తిప్పి, కుట్టు చాలా చక్కగా ఉందని మెచ్చుకుంది. చేతులు పొడుగైతే చెల్లెమ్మే కత్తిరించి కుట్టిందని ప్లీడరు గర్వంగా చెప్పాడు.

మెట్లు దిగగానే డిటెక్టివ్ రోడ్డు పక్కన ఉమ్మేసింది. ఆమె అలా చెయ్యడం అసిస్టెంటు మునుపెన్నడూ చూడలేదు.

“దోచుకునేవాణ్ణి నేను అర్థం చేసుకోగలను,” అంది. “తను దోచుకోబోయే మనిషి చేతే బీరువా చేయించుకుని, అందులో వాడి కాగితాలే పెట్టుకునేవాణ్ణి ఏమనాలో నాకు తెలిసిన మాటల్లో లేదు.”

మర్నాడు అసిస్టెంటుని వేలం హాలుకి పంపింది. అతను మధ్యాహ్నానికి తిరిగి వచ్చి, చూసిందంతా చెప్పాడు. ఆ రోజు ఒక కమ్మరి ఇల్లు పాడుకున్నారు. పాడింది ఒక్కడే, ఎదురు పాట లేదు, నిమిషంలో ముగిసింది. వడ్రంగి ఇల్లు, రంగులవాడి ఇల్లు కూడా అతనికే పోయాయని హాల్లో చెప్పుకున్నారు. ఆ మనిషిని ఎక్కడో చూసినట్టుంది గాని ఎంత తన్నుకున్నా గుర్తుకు రావడం లేదన్నాడు.

“ఎలా ఉంటాడు?”

“మామూలుగానే ఉంటాడు మేడమ్. కనుబొమలే, గొంగళిపురుగు అడ్డంగా పాకినట్టు...” అసిస్టెంటు నోరు తెరిచినది తెరిచినట్టే ఉండిపోయింది.

“మూసుకో బాబూ. సాయంత్రం అందర్నీ దర్జీ ఇంటికి రమ్మను. ఇన్‌స్పెక్టరుకి కూడా చెప్పు. ప్లీడరుగారికి మాత్రం, నోటీసు పీకేసిన దొంగ దొరికాడని, పత్రికలవాళ్ళు ఎవరైనా వచ్చినా రావచ్చని చెప్పు. కోటు వేసుకుని మరీ వస్తాడు.”

వేసుకుని మరీ వచ్చాడు. ఇంకా ఎండ ఉండగానే ఆ చిన్న ముందుగది నిండిపోయింది. రికవరీ ఆఫీసరు కుర్చీని జేబురుమాలుతో తుడుచుకుని కూర్చున్నాడు. బంట్రోతు గోడకి ఆనుకున్నాడు. మరిది వెనకగది గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఇన్‌స్పెక్టరు ఆవలించాడు. ప్లీడరు దర్జీ ఆవిడ భుజం తట్టి, ధైర్యంగా ఉండు చెల్లెమ్మా అన్నాడు. ఆవిడ కుట్టుమిషను మీద చెయ్యి వేసుకుని కూర్చుంది. తెల్లవారితే అది పెట్టుకోవడానికి చోటు ఉంటుందో లేదో ఆవిడకి తెలియదు.

డిటెక్టివ్ ఫోటోని అందరికీ చూపించి, అసిస్టెంటుని బయట నిలబడి తలుపు మూసెయ్యమంది. అతను మూశాడు.

“బాబూ, నీకు తలుపు మీద ఏం కనబడుతోంది?”

“గొళ్ళెం, మేడమ్,” అని బయట్నుంచి గొంతు వినబడింది.

“గడియ ఉందా?”

“గడియ బయటెందుకు ఉంటుంది మేడమ్, లోపల...” గొంతు ఆగిపోయింది.

గదిలో అందరూ తలుపు లోపలివైపు చూశారు. ఇనుప గడియ అక్కడే ఉంది, ఫోటోలో ఉన్నట్టే.

“రెండు వైపులా ఒకటే నీలం. నోటీసు ఈ తలుపు మీదే పెట్టారు, అందులో అబద్ధం లేదు. కాకపోతే ఇంటి లోపల పెట్టారు. బయట పెడితే ఎదురుగా సైకిల్ షెడ్డు ఉంది. ఆఫీసరుగారూ, ఈ ఫోటో మీ ఫైల్లో ఇన్నాళ్ళుంది. మీ ఇంట్లో కూడా గడియ బయటే ఉంటుందా?”

తలుపు తలుపేనని ఆఫీసరు గొణిగాడు.

“నిజమే. మీకు తలుపు తలుపే, కాగితం కాగితమే, మనిషి మాత్రం ఏమీ కాదు.” ఆమె బంట్రోతు వైపు తిరిగింది. “నీ జిగురు గోకినా రాదన్నావు. మరి ఇక్కడ టేపెందుకుంది? టేపు అయితే మరక లేకుండా ఊడుతుంది, అందుకు. ఇది నువ్వు అంటించింది కాదు. నోటీసు ఎవరికిచ్చావు?”

ఇన్‌స్పెక్టరు ఆవలింత మానేసి అతన్ని చూశాడు. ఎండలో తిరగలేక, అటువైపు వెళుతున్నామన్నవాళ్ళకి ఇచ్చానని, ఫోటో కూడా వాళ్ళే తెచ్చిచ్చారని బంట్రోతు ఒప్పుకున్నాడు. ఆ వెళ్ళేవాళ్ళెవరంటే మాత్రం ప్లీడరు బూట్ల వైపు చూశాడు.

“లోపలి మనిషే చేశాడంటే ఇక చెప్పేదేముంది,” అన్నాడు ప్లీడరు విచారంగా, మరిది వైపు చూసి. “ఇల్లు అమ్మాలని మొదట్నుంచీ పట్టుబట్టింది ఎవరో అందరికీ తెలుసు. సొంత వదినకి ఇంత ద్రోహం!”

మరిది ఒక అడుగు ముందుకు వేశాడు. డిటెక్టివ్ చెయ్యి అడ్డం పెట్టింది.

“ఈయన లోడు మీద ఊళ్ళో లేని రోజది. ఏ రోజంటారా, అదిగో ఆ మేకు చెబుతుంది. కుట్టాల్సింది ఏదొచ్చినా ఈవిడ ముందు ఆ మేకుకే తగిలిస్తుంది. అమ్మా, ప్లీడరుగారు మీ ఇంటికి వచ్చినప్పుడు ఏం జరిగిందో చెప్పండి.”

దర్జీ ఆవిడ గొంతు సవరించుకుంది. “కోటు చేతులు పొడుగయ్యాయని తెచ్చారు. ఆయనకి తొడిగి, సుద్దతో గీత గీసి, మేకుకి తగిలించాను. బయట రోడ్డు తవ్వుతున్నారు. దుమ్ము పడదు, తలుపు వేస్తానన్నారు. నేను టీ పెట్టడానికి లోపలికి వెళ్ళాను.”

చెబుతూ చెబుతూ ఆవిడ ఆగిపోయింది. ఫోటో తీసుకుని, ఎడమ అంచున ఉన్న నల్లటి పట్టీ మీద వేలు పెట్టింది. ఏటవాలు తెల్ల గీత వెంట వేలు నడిపించింది. ఆ గీత తను గీసిందే.

“నోటీసుకి చోటు కోసం కోటుని పక్కకి జరిపాడు. పూర్తిగా జరగలేదు,” అంది డిటెక్టివ్. “ఫోటో బాగా వచ్చిందా లేదా అని చూసుకునే ఉంటాడు. కాని ఊరికే వచ్చిన పని మీద కళ్ళు ఎవరు పెడతారు? ఊరికే బీరువాలు, ఊరికే రంగులు, ఊరికే బూట్లు. ఇంటికి ఉరి వెయ్యడానికి వస్తూ కూడా, పనిలో పని, కోటు చేతులు కుట్టించుకుపోదామనుకున్నాడు. ఆ ఒక్క కక్కుర్తి లేకపోతే నేనేం చెయ్యగలిగేదాన్నో నాకే తెలియదు. నోటీసు పడేదాకా నిశ్చింతగా పడుకోమని చెప్పి, పడిందని తెలియకుండా చేసి, గడువు దాటాక కన్నీళ్ళు తుడిచి, ఎదురుపాట లేని వేలంలో బావమరిది చేత కొనిపించడం. కంచే చేను మెయ్యడం విన్నాం. ఈ కంచె, మేసేముందు చేను చేతే తనకి పాలిష్ పట్టించుకుంది.”

ప్లీడరు పరువునష్టం అన్నాడు, కోర్టు అన్నాడు, ఇంకేదో అనబోయాడు. ఎక్కడ ఆగాలో తెలిసిన ఆ గొంతుకి ఈసారి ఎక్కడ మొదలెట్టాలో తెలియలేదు. ఇన్‌స్పెక్టరు కోటు ఇటివ్వమన్నాడు. ఇవ్వక తప్పలేదు. కోటు విప్పేసరికి వీపు మీద చొక్కా జానెడు చిరిగి ఉంది. కోటు కింద ఎలాగూ కనబడదని దాన్ని ఎవరి చేతా కుట్టించుకోలేదు. గదిలో ఎవరూ నవ్వలేదు గాని, మరిది మాత్రం గట్టిగా ముక్కు చీదాడు.

రికవరీ ఆఫీసరు లేచి, రేపటి వేలం ఆపడానికి తనకి అభ్యంతరం లేదన్నాడు, ఎవరో బతిమాలినట్టు. డిటెక్టివ్ దాన్ని కాగితం మీద రాసి సంతకం పెట్టమంది. చెల్లని నోటీసుకి గడువూ ఉండదనీ, కమ్మరితో మొదలుపెట్టి పాత కేసులన్నీ మళ్ళీ తెరవాల్సి వస్తుందనీ చెప్పి, దర్జీ ఆవిడకి ఓ ప్లీడరు చిరునామా ఇచ్చింది. అభ్యంతరం కోర్టులో దాఖలు చేసేది ఆయనేనట.

“ఫీజు తీసుకుంటాడు. మిమ్మల్ని చెల్లెమ్మా అనడు. పని చేస్తాడు.”

దర్జీ ఆవిడ తలూపింది. ఏడుస్తుందేమోనని అసిస్టెంటు జేబురుమాలు తీసి సిద్ధంగా పట్టుకున్నాడు. ఆవిడ ఏడవలేదు. ఇన్‌స్పెక్టరు వెనకాల చిరిగిన చొక్కాతో గుమ్మం దాటుతున్న ప్లీడరునే చూస్తోంది. ఎదురుగా షెడ్డులోవాళ్ళందరూ పని ఆపి లేచి నిలబడి ఉన్నారు. ఆ చూపులు తప్పించుకోవడానికో, అలవాటు కొద్దీనో, ఆయన చెయ్యి వెనక్కి చాచి తలుపు లాగబోయాడు.

“తలుపు తీసే ఉంచండి అన్నయ్యగారూ,” అంది దర్జీ ఆవిడ. “దుమ్ము పడనిది మీకు.”

ఆ తర్వాత మిషనుని వెలుతురులోకి, గుమ్మం దగ్గరికి జరుపుకుని, మేకుకి ఉన్న గౌను తీసుకుని కుట్టడం మొదలుపెట్టింది.